పరలోక సైన్యానికి లైన్ క్లియర్

భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా తమ్ముడు ఆ డిసెంబరులో ఒక గోనెసంచి నిండా పాత టోపీలు తెచ్చాడు. బాయిలోకి దిగేవాళ్లు పెట్టుకునే గట్టి టోపీలవి. కొన్ని పగిలాయి, కొన్నింటికి నుదుటి దగ్గర దీపం తగిలించుకునే కొక్కెం ఇంకా ఉంది. వాటికి వెండి రంగు పూసి మా ప్రార్థన మందిరం ప్రహరీ గోడ మీద వరసగా ఆరబెట్టాం. దారిన పోయే రైతు ఒకాయన ఆగి చూశాడు.

"ఏంది సారూ, గిన్ని గిన్నెలు బోర్లిచ్చిన్రు? దావతా?"

"దావతు కాదే. పరలోక సైన్యం" అన్నాను.

"అయితే నాకొక్కటియ్యి. లాఠీలకు అక్కరకొస్తది" అని నవ్వుకుంటూ పోయాడు.

అప్పుడు నేను మహబూబాబాద్‌లో, మా నోట ఎప్పుడూ మానుకోటే, ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ని. కాపురం మాత్రం కేసముద్రం పోయే రైలు దారిలో, ప్యాసింజరు బండ్లు మాత్రమే ఆగే ఒక చిన్న స్టేషన్ ఉన్న ఊళ్లో. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పేది నేనే. క్రిస్మస్ నాటకం రాసేదీ ఆడించేదీ నేనే. ఆ సంవత్సరం రాసిన నాటకంలో ఉన్నది ఆకాశంలో ఒక సైన్యం. దాని నౌకలకు దారి ఇచ్చే, దారి ఆపే ఇద్దరు మనుషులు.

ఆ ఆలోచన మా బాపు దగ్గర్నుంచి వచ్చింది. బాపు సువార్తికుడు. జనగామ దగ్గర దేవరుప్పుల చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగేవాడు. చిన్నప్పుడు నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, తొక్కుతూ తొక్కుతూ వాక్యం చెప్పేవాడు. అందులో నన్ను వదలనిది ఒక ప్రవక్త కథ. ఆయన ఉపవాసం ఉండి ప్రార్థన చేశాడు. మొదటి రోజే పైనుంచి జవాబు బయలుదేరింది. కానీ దాన్ని తెస్తున్న దూతను దారిలో శత్రువు అడ్డగించాడు. ఇరవై ఒక్క రోజులు ఆ దూత అక్కడే ఆగిపోయాడు.

"మరి గన్నొద్దులు ఆ ముసలాయన ఏం జేసిండు బాపు?" అని అడిగాను.

"ఏం జేస్తడు కొడుకా. జవాబు దారిల ఉన్నదని ఆయనకు ఎర్క లేదు గద. ఎదురుసూసిండు."

పెద్దయి సైన్సు చదువుకున్నాక నాకు ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ దూత ఎక్కడ ఆగాడు? చంద్రుడికి ఇవతలా, అవతలా? ఆగమని ఎవరు చెప్పారు? మళ్లీ కదలమని ఎవరు చెప్పారు? సైన్యమని వాక్యమే చెప్తున్నప్పుడు, ఆ సైన్యానికి దారులుంటాయి, దారుల్లో కాపలా గదులుంటాయి. వారపత్రికల్లో నేను చదివిన అంతరిక్ష కథల్లో అందరూ నౌకలు నడిపే వీరులే, నిప్పులు కురిపించేవాళ్లే. గదిలో కూర్చుని 'ఇప్పుడు రా, ఇప్పుడు వద్దు' అని చెప్పేవాడి గురించి ఎవరూ రాయలేదు. నేను రాద్దామనుకున్నాను.

చంద్రుడికి అవతల ఒక నియంత్రణ గది. అందులో ఇద్దరు అధికారులు. వాళ్ల దగ్గర ఆయుధాలుండవు. యుద్ధం వాళ్ల కంటికి కనిపించదు. చెవుల్లో గొంతులు వినిపిస్తాయి, అంతే. నక్షత్రాల మధ్య నుంచి వేల నౌకలు వస్తుంటాయి. ఎవరు ఏ దారిన దిగాలో, ఎవరు ఏ చుక్క దగ్గర నిలబడాలో చెప్పడం వాళ్ల పని. ఒక చిన్న నౌక, భూమ్మీద ఒక వృద్ధుడి ప్రార్థనకు జవాబు తీసుకుని వస్తుంది. దారికి అడ్డంగా చీకటి సేన కూర్చుంది. నౌక నడిపేవాడు మళ్లీ మళ్లీ అడుగుతాడు, కింద మనిషి ఎదురుచూస్తున్నాడు, దారి ఇవ్వండని. వీళ్లు మళ్లీ మళ్లీ ఆగమంటారు. చివరికి దారి తెరుచుకుంటుంది, సైన్యమంతా గొర్రెల కాపరుల పొలం మీదికి పాడుతూ దిగుతుంది. ఇదీ నాటకం.

రాయడమైతే రాశాను కానీ, అలాంటి గదిలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలియదు. విమానాశ్రయం నేను చూసింది లేదు. ఉన్నది మా స్టేషనే. అక్కడికి పోయాను.

మా స్టేషన్‌కు అయిదు నెలల కింద ఒక అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు బదిలీ మీద వచ్చాడు. ఊళ్లో అందరూ స్టేషన్ సారు అనేవాళ్లు. కృష్ణా జిల్లా మనిషి. విశ్వాసి. డ్యూటీ లేని ఆదివారాలు మా సంఘానికి వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు. భార్య పుట్టింట్లో ఉందని మాత్రమే మాకు తెలుసు. మా సంఘంలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేస్తారు. వాటిని పైకి చదివేది నేను. ఒకరిది జ్వరం, ఒకరిది బాయిలో నీళ్లు, ఒకరిది కొడుకు తాగుడు. ఆయన చీటీలో మాత్రం ప్రతిసారీ ఒకే మాట ఉండేది, గుండ్రటి అక్షరాలతో: వ్యక్తిగత మనవి. అలా రాస్తే అదేమిటని ఎవరూ అడగకూడదు. మా దగ్గర అది కట్టుబాటు. 'వ్యక్తిగత మనవి ఒకటి' అని నేను చదివేవాణ్ని. అందరూ ఆమెన్ అనేవాళ్లు. అయిదు నెలలు ఏమిటో తెలియకుండానే ఆమెన్ అన్నాం.

ఆయన నన్ను తన గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. గంట మోగితే ఫోను ఎత్తడం, అవతలి స్టేషన్ వాళ్లతో మాట్లాడడం, వాళ్లు చెప్పిన నంబరు రిజిస్టరులో రాసుకోవడం, బయటికి వెళ్లి పచ్చజెండా పట్టుకోవడం, అన్నీ చూపించాడు.

"మేం బండ్లు నడపం మాస్టారూ. నడిపేది డ్రైవరు. ముందు స్టేషన్ వాడు లైన్ క్లియర్ ఇస్తే పంపుతాం. లేదంటే ఆపుతాం. అంతేనండీ మా ఉద్యోగం."

"ఇయ్యకపోతే ఏం జేస్తరు సార్?"

"కూర్చుంటాం."

"లోపల మనోళ్లే ఉంటే?"

"ఎవరున్నా కూర్చోవడమేనండీ" అని నవ్వాడు. "ఆ బండి అక్కడ నిలబడి ఉంటుంది. మనకి కనిపిస్తూనే ఉంటుంది."

ఆ మాట నాకెంతో నచ్చింది. ఇంటికి పోయి నాటకంలో పెట్టుకున్నాను. మొదటి అధికారి వేషం మీరే వేయాలని మర్నాడు ఆయన్నే అడిగాను. రెండో అధికారి మా సంఘంలోనే ఉన్న ఒక హమాలి. కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాలు మోసే మనిషి. ఆయన మామూలుగా మాట్లాడినా మందిరం కిటికీలు అదిరేవి.

మొదటి రిహార్సల్‌లోనే చిక్కు వచ్చింది. నేను అందరి మాటలూ మా ఊరి భాషలోనే రాశాను. స్టేషన్ సారు కాగితాలు తిప్పి తిప్పి చూసి, మొహమాటపడుతూ అన్నాడు.

"మాస్టారూ, ఏమనుకోకండి. దేవదూతల సైన్యం కదా, 'ఏడికి పోతున్నవ్' అంటే బాగుంటుందా? కాస్త శుభ్రమైన తెలుగులో రాస్తే..."

శుభ్రమైన. ఆ మాట మంచి మనసుతోనే అన్నాడని నాకు తెలుసు. అయినా లోపల ఎక్కడో కాలింది. టీచరు ట్రైనింగులో ఉండగా కోస్తా నుంచి వచ్చిన ఒక లెక్చరరు నన్ను లేపి నిలబెట్టి 'వచ్చినం, పోయినం' అనిపించి క్లాసంతా నవ్వేదాకా కూర్చోనివ్వలేదు. సినిమాల్లో మా మాట ఎవరి నోట వినిపించేదో అందరికీ తెలుసు, తాగుబోతు నోట, లేకపోతే రౌడీ నోట. హమాలి అన్న ఊరుకోలేదు.

"అంటె సార్, పరలోకంల మా వాళ్లకు సీట్లు లేవా?"

"అయ్యో, నేనలా అనలేదన్నా."

"లేకపోతే ఆడ పోంగనె ముందుగాల మీ భాష నేర్పిస్తరా?"

అందరూ నవ్వారు, స్టేషన్ సారు కూడా. చివరికి ఆయన మాటలు ఆయన భాషలో, హమాలి మాటలు మా భాషలో ఉంచుదామని ఒప్పుకున్నాం. అలా చేశాక నాటకానికి ప్రాణం వచ్చింది. ఆయన చెవికి టిఫిన్ డబ్బా మూతతో చేసిన యంత్రం పెట్టుకుని, "ఏడో నంబరు నౌక, ముందు దారి ఖాళీ లేదు, దయచేసి వేచి ఉండండి" అనేవాడు. వెంటనే పక్క నుంచి హమాలి, "ఓ రెక్కలాయనా, జర ఆగు! ముందట ఇంకొకలున్నరు, తోసుకొని పోతవా?" అని ఉరిమేవాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని పడిపోయేవాళ్లు. ఆ రెండు వారాలు ఆయనా నేనూ స్నేహితులమయ్యాం. అయినా ఆ 'శుభ్రమైన' నాలోంచి పోలేదు. దాన్ని ప్రార్థనలో పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు.

ఆ డిసెంబరు ఏ డిసెంబరో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదటి వారం దాటాక, మాకు ప్రత్యేక రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చింది. ఊరంతా గులాలు చల్లుకుంది. మందిరంలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టాం. ఆ ప్రార్థన నేనే చేశాను. స్టేషన్ సారు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మంచిదండీ, మీ కోరిక తీరింది" అన్నాడు. పండగకు రెండు రోజుల ముందు ఇంకో మాట వచ్చింది, అందరితో మళ్లీ మాట్లాడి చూస్తామని. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నారని చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. మర్నాడు పొద్దున బంద్. మేమంతా పోయి పట్టాల మీద కూర్చున్నాం.

రాష్ట్రం కోసం కూర్చోవడం తప్పని నేను అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఇది ముందే చెప్పాలి. అన్యాయం జరిగినచోట దేవుడు ఎవరి పక్కన ఉంటాడో బాపు నాకు సైకిల్ మీదే చెప్పాడు.

మా సంఘం మగవాళ్లు కొందరు లాఠీల భయానికి నాటకం టోపీలు పెట్టుకుని వచ్చారు. ఎండకు పరలోక సైన్యం పట్టాల మీద తళతళా మెరిసింది. హమాలి అన్నకు తన టోపీ బిగుతు, ఎప్పుడూ నెత్తి మీద ఎగిరెగిరి పడేది. స్టేషన్ గది మా ఎదురుగానే ఉంది. గొడవ జరుగుతుందేమోనని ఇద్దరు కానిస్టేబుళ్లు లోపల గడియ వేసుకుని కూర్చున్నారు. కిటికీ చువ్వల వెనక స్టేషన్ సారు కనిపిస్తున్నాడు. రాత్రి నుంచి ఆయనదే డ్యూటీ. దిగాల్సిన సమయం దాటింది. ఆయన్ను విడిపించడానికి రావలసిన మనిషి ఏదో బండిలో ఎక్కడో ఆగిపోయాడట.

పది గంటలప్పుడు డోర్నకల్ వైపు నుంచి ఒక ప్యాసింజరు వచ్చి సిగ్నల్ దగ్గర ఆగింది. మా నుంచి మైలు దూరం. పత్తి చేల మధ్య కట్ట మీద దాని ఇంజను ముఖం కనిపిస్తోంది. మేము చప్పట్లు కొట్టాం, ఒక బండిని ఆపగలిగామని.

కాసేపటికి నా జేబులో ఫోను మోగింది. స్టేషన్ సారు. తలెత్తి చూస్తే కిటికీలో ఫోను చెవికి పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"మాస్టారూ, ఆ ప్యాసింజరులో మా ఆవిడ ఉందండీ. నాటకం చూడాలని నాకు చెప్పకుండా బయలుదేరింది. ఆ ఒక్క బండినీ లోపలికి రానిమ్మని మీవాళ్లకి కాస్త చెప్పగలరా?" ఆగాడు. గొంతు బాగా తగ్గించాడు. పక్కన కానిస్టేబుళ్లున్నారు. "ఆవిడ... ఒట్టిమనిషి కాదండీ."

ఒట్టి మనిషి కాదు. అంటే మామూలు మనిషి కాదు, పెద్దింటి మనిషి అని చెప్తున్నాడనుకున్నాను. మా దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం నేను ఎన్నడూ వినలేదు. ఒక్కసారిగా 'శుభ్రమైన' గుర్తొచ్చింది.

"సార్, ఆ బండిల ఉన్నోళ్లందరు మనుషులే గద" అన్నాను.

"అవునండీ, అది కాదు, నేననేది..."

అప్పుడే వెనక నినాదాలు లేచాయి. ఏం చెప్పాడో వినపడలేదు. ఫోను పెట్టేశాను.

"ఏమంటున్నడు సారు?" అన్నాడు హమాలి అన్న.

"వాళ్లావిడ ఉన్నదట ఆ బండిల. ఒట్టి మనిషి కాదట."

అంతే నేనన్నది. అందులో కొంచెం వెటకారం ఉంది, లేదని అబద్ధం చెప్పను. హమాలి అన్న లేచి, టోపీ సరిచేసుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి బండి వైపు తిరిగి, నాటకంలో గొంతుతో అరిచాడు.

"నియంత్రణ గది మాట్లాడుతున్నది! ఒట్టి మనుషులు గాని నౌకకు లైన్ క్లియర్ లేదు! ఎంత పెద్ద దూతైనా సరే, జర ఆగాలె!"

పట్టాల మీద ఉన్న వంద మందీ ఒక్కసారి నవ్వారు. నేనూ నవ్వాను. కడుపారా నవ్వాను. కిటికీలో ఆయన ఫోను చేతిలో పట్టుకుని మమ్మల్ని చూస్తున్నాడు. చెయ్యి కొంచెం పైకెత్తి, మళ్లీ దించాడు.

తర్వాత రెండుసార్లు ఫోను మోగింది. ఒకసారి గోలలో తెలియలేదు. ఇంకోసారి తెలిసి కూడా ఎత్తలేదు.

పన్నెండు దాటాక మా సంఘం అవ్వ ఒకామె బిందెతో మజ్జిగ తెచ్చింది. గూడూరు వైపు ఆమె, వయసులో ఉన్నన్నాళ్లూ కూలి పనులు చేసింది. అందరికీ గ్లాసులు ముంచి ఇస్తోంది. అప్పుడే స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, గది కిటికీ దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. మడత విప్పకముందే ఆ గుండ్రటి అక్షరాలు గుర్తుపట్టాను. అలవాటు కొద్దీ పైకే చదివాను.

"మాస్టారూ, ఫోన్ కలవడం లేదు. ఆవిడకి ఒంట్లో బాగోలేదట. ఒట్టిమనిషి కాదని మీకు చెప్పాను కదా. దయచేసి."

అవ్వ చేతిలో గ్లాసు ఆగింది.

"ఏమన్నవ్ కొడుకా? మళ్ల సదువు."

మళ్లీ చదివాను.

"ఓరి మీ సదువులు పాడుగాను! ఒట్టిమనిషి కాదంటె కడుపుతోని ఉన్నదని రా! ఎన్ని ఏండ్లు నేను ఆంధ్రకు నాట్లకు పోలే! ఆడ గట్లనె అంటరు. సిగ్గువడి గట్ల అంటరు. ఎంతసేపాయె బండి ఆగి?"

నేను కిటికీ వైపు చూశాను. ఆయన చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొదట పరుగెత్తింది హమాలి అన్న. తర్వాత మేమందరం, బిందె వదిలేసి అవ్వ కూడా. కంకర మీద, స్లీపర్ల మీద, ఆ వెండి టోపీలతోనే. మైలు దూరం నాకు ఎంతకూ తరగలేదు. ఆడవాళ్ల పెట్టె దగ్గర తలుపులో నిలబడి ఒక ముసలామె మమ్మల్ని చూసి తిట్టడం మొదలుపెట్టింది. అడ్డంగా కట్టిన చీర పక్కకు తీస్తే స్టేషన్ సారు భార్య బల్ల మీద పడుకుని ఉంది. సన్నటి మనిషి. పెదవులు తెల్లబడ్డాయి. కాళ్ల కింద ఎవరివో బట్టలు మడిచి పెట్టారు. ఆ బట్టలు నేను చూడకుండా ఉండాల్సింది.

"మాస్టారంటే మీరేనా?" అంది. "ఆయనకి ఎక్కువ చెప్పకండి. డ్యూటీలో ఉన్నారు, కంగారుపడతారు."

హమాలి అన్న బస్తాలెత్తే చేతుల మీద ఆమెను నిద్రపోతున్న పిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని కట్ట దిగాడు. పత్తి చేను దాటితే రోడ్డు. అక్కడ బంద్ అని ఆటో ఆపుకుని కూర్చున్న మా ఊరి ముస్లిం ఆటో డ్రైవరు మమ్మల్ని చూసి అడగకుండానే ఇంజను స్టార్టు చేశాడు. "ఆవో భాయ్, జల్దీ! బంద్ గింద్ తర్వాత సూసుకుందాం" అన్నాడు. అవ్వ వెనక కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. నేను ముందు, డ్రైవరు పక్కన. హమాలి అన్న మెట్టు మీద వేలాడుతూ నిలబడ్డాడు.

మానుకోట ఆసుపత్రి దాకా ఊరూరికీ రోడ్డుకు అడ్డంగా కొమ్మలు, బండరాళ్లు, ఎడ్లబండ్లు. ప్రతిచోటా అవ్వ తల బయటపెట్టి, "కడుపుతోని ఉన్నది, జరుగుండ్రి నాయినా!" అని ఒక్క కేక వేసేది. అంతే. ఎక్కడా ఇంకో ప్రశ్న లేదు. పదిమంది లేచి కొమ్మలు లాగేసేవాళ్లు. ఒకచోట ఎడ్లబండిని నలుగురు చేతులతోనే ఎత్తి పక్కన పెట్టారు. ఎక్కడా ఒక నిమిషం పట్టలేదు. మా దగ్గర రెండు గంటలు తొలగని అడ్డు, ఇక్కడ ఈ ఒక్క మాటకు తొలిగిపోతోంది.

ఆమె బతికింది. పిల్లవాడు బతకలేదు. ఆరో నెల అని అప్పుడు తెలిసింది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదని, అందుకే ఈసారి ఎవరికీ చెప్పుకోలేదని కూడా అప్పుడే తెలిసింది. ఆదివారం ఆదివారం నేను పైకి చదివిన వ్యక్తిగత మనవి అది. డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే అని అడగబోయి ఆగిపోయాను. తప్పక బతికేవాడంటే నేనేం చేసుకోవాలి? ఎప్పుడు తెచ్చినా ఇంతేనంటే నమ్ముతానా? ఈనాటి వరకు ఎవరినీ అడగలేదు.

స్టేషన్ సారు పొద్దువాలే వేళకు వచ్చాడు, ఎవరిదో బండి వెనక కూర్చుని. విడిపించే మనిషి అప్పటికి గానీ రాలేదు. చొక్కా జేబులో పెన్ను అలాగే ఉంది. హమాలి అన్న వరండాలో ఆయన కాళ్ల మీద పడి, ఆ పెద్ద గొంతుతో ఏడ్చాడు. ఆయన ఎందుకో అర్థం కాక, "లేవండన్నా, మీరు మోసుకొచ్చారు కదా, మీరు మోసుకొచ్చారు కదా" అని అదే మాట అంటూ లేపుతూ ఉండిపోయాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పండగ నాడు ఆరాధన జరిగింది, నాటకం లేదు. డబ్బా తెరిచి చీటీలన్నీ చదివాను. ఆ గుండ్రటి అక్షరాల చీటీ లేదు. చదవడం అయిపోయాక కూడా ఇంకొకటి ఉందేమోనని చెయ్యి లోపల పెట్టి తడుముతూ ఉండిపోయానట. మా ఇంటావిడ చెప్పింది.

నా నాటకంలో దారికి అడ్డంగా కూర్చున్నది చీకటి సేన. దేవుని ముందు మోకాళ్ల మీద పడి ఆ నవ్వునూ, ఎత్తని ఆ ఫోనునూ చాలాసార్లు ఒప్పుకున్నాను. ఆయన క్షమించాడని నమ్ముతున్నాను, నమ్మకపోతే నాకు బతుకు లేదు. కానీ కానుక అర్పించే ముందు, సహోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే కానుక అక్కడే పెట్టి ముందు అతనితో సమాధానపడమని వాక్యం. అది పిల్లలకు చెప్పిన నోరే నాది. స్టేషన్ సారు ఎదురుపడితే మాత్రం పండిన పత్తి గురించి, ఎండల గురించి మాట్లాడేవాణ్ని. ఆయన అన్న ఒక్క మాటను మనసులో పెట్టుకున్నది నేను. ఆయనకు నా మీద ఏమీ లేదు. ఎందుకంటే ఆయనకు తెలియదు.

ఎండాకాలంలో ఆయనకు వాళ్ల వైపే బదిలీ అయింది. చివరి డ్యూటీ రోజు పగటి పూట పోయాను, చెప్పాలనే పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గదిలో అదే కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. భార్య పుట్టింట్లోనే ఉందట, కోలుకుంటోందట.

"మీవాళ్లు చేసింది మర్చిపోలేనండీ" అన్నాడు. "ఆ అన్న, ఆ మామ్మగారు లేకపోతే ఆవిడ కూడా దక్కేది కాదు."

నేను టీ గ్లాసు చూస్తూ ఉన్నాను.

"మాస్టారూ, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ రోజు నేను మొదటిసారి ఫోన్ చేశాక మీరందరూ నవ్వారు. కిటికీలోంచి కనిపించింది. ఏదో గుర్తొచ్చి నవ్వుకుని ఉంటారు. అయినా ఎందుకో అది నాకు మళ్లీ మళ్లీ కళ్ల ముందుకొస్తుంటుంది. దేనికి నవ్వారండీ?"

నోరు తెరిచాను. గంట మోగింది.

"ఒక్క నిమిషమండీ" అని ఫోను ఎత్తాడు. అవతలివాళ్లు అడిగింది విని, తన నంబరు చెప్పి, రిజిస్టరులో రాసి, పచ్చజెండా తీసుకుని బయటికి వెళ్లాడు. బొగ్గు వ్యాగన్ల గూడ్సు అది. ఆగలేదు. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. ప్లాట్‌ఫారం మీద ఆయన జెండా చాచి కదలకుండా నిలబడ్డాడు. నేను లోపల కుర్చీలో ఉన్నాను. ఆ కిటికీలోంచి మేము కూర్చున్న పట్టాలు ఎంత దగ్గరగా కనిపిస్తాయో అప్పుడు చూశాను. ఒక్కొక్క మనిషి ముఖం గుర్తుపట్టొచ్చు.

బండి వెళ్లిపోయాక ఆయన లోపలికి వచ్చి సమయం రాసుకున్నాడు. నా వైపు చూశాడు. మళ్లీ అడగలేదు. నేను చెప్పలేదు. చెయ్యి కలిపి వచ్చేశాను.

తర్వాత నాలుగేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మందిరంలో కృతజ్ఞతా ప్రార్థన నన్ను చేయమన్నారు, ఇంకొకరిని చేయమని కూర్చున్నాను. వెండి టోపీలు ఇంకా మందిరం అటక మీద ఉన్నాయి. స్టేషన్ సారు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలుసు, ఫోను నంబరు కూడా ఉంది. ఇప్పుడు చీటీలు చదివేది నేను కాదు, వయసులో చిన్నాయన ఒకరు. ప్రతి ఆదివారం ఆయన నా చీటీ విప్పి, వ్యక్తిగత మనవి ఒకటి అని చదువుతాడు. ఏమిటని ఎవరూ అడగరు. అందరూ ఆమెన్ అంటారు.